కథ ఆగి ఎదురు చూడాలి: దివ్యాంగ బాలలను కలుపుకొని కథ చెప్పడం, నాటకం ఆడించడం

చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక ప్రాథమిక పాఠశాలలో వార్షికోత్సవానికి చిన్న నాటకం వేయించాను. చక్రాల కుర్చీలో వచ్చే మూడో తరగతి బాబుకు చెట్టు వేషం ఇచ్చాను. కుర్చీకి వేపమండలు కట్టి, తలకు ఆకుల కిరీటం పెట్టి, వేదిక మీద ఒక మూలన నిలిపాము. ఊరివాళ్లు మెచ్చుకున్నారు, నేనూ సంతోషించాను. నాటకం అయ్యాక మండలు విప్పుతూ ఉంటే ఆ బాబు "సార్, చెట్టు మాట్లాడదా?" అని అడిగాడు. పద్యాలు గడగడా అప్పజెప్పడంలో నా తరగతిలో వాడిని మించినవాడు లేడు. కాళ్లు కదలవు కనుక కదలని వేషం ఇచ్చానే గాని, వాడికి అంత చక్కని నోరు ఉన్నదన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఆనాటి నుంచి పాత్రలు పంచే ప్రతిసారీ నన్ను నేను ఒక ప్రశ్న వేసుకుంటున్నాను. ఈ బిడ్డ ఈ రోజు బడికి రాకపోతే కథ ముందుకు నడుస్తుందా? నడిచిపోయేటట్లయితే నేను ఆ బిడ్డకు పాత్ర ఇవ్వలేదు, కూర్చోవడానికి చోటు మాత్రమే చూపించాను. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 మొత్తం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ నిధులతో గాని, గుర్తింపుతో గాని నడిచే విద్యాసంస్థలన్నీ సహిత విద్యను, అంటే దివ్యాంగ బాలలు మిగతా పిల్లలతో కలిసి చదువుకునే విద్యను, అందించాలని అందులోని 16వ సెక్షన్ చెబుతోంది. హాజరుపట్టీలో పేరు ఎక్కించడంతో ఆ బాధ్యత తీరిపోదు. పాఠంలో ఆ బిడ్డ కోసం మిగతావారు ఎదురు చూడవలసిన ఘట్టం ఒకటి ఉండాలి. అటువంటి ఘట్టాన్ని కల్పించడానికి కథను మించిన సాధనం నాకు ఇంతవరకు దొరకలేదు. ఒకటి నుంచి మూడో తరగతి వరకు నేను అనుసరించే పద్ధతిని, ఒకే కథను ఉదాహరణగా తీసుకొని ఇక్కడ వివరిస్తాను.

గొలుసు కథనే ఎందుకు ఎంచుకోవాలి

మొదటి ప్రయత్నానికి ఏడు చేపల కథను మించినది లేదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు, అందులో ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డు వచ్చింది. గడ్డిమేటు ఎందుకు అడ్డు వచ్చిందంటే ఆవు మేయలేదు. ఆవును గొల్లవాడు మేపలేదు, గొల్లవాడికి అవ్వ బువ్వ పెట్టలేదు, పాప ఏడవడం వల్ల అవ్వకు తీరిక లేదు, పాపను చీమ కుట్టింది. చివరికి చీమను అడిగితే, తన బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టకుండా ఉంటుందా అని ఎదురు ప్రశ్న వేస్తుంది. ఊరూరికీ ఈ కథలో చిన్న చిన్న తేడాలు ఉంటాయి. కొందరి ఇళ్లలో గొల్లవాడికి బదులు పాలేరు ఉంటాడు, గడ్డిమేటును గడ్డివాము అంటారు. కథ మొదలుపెట్టే ముందు రోజు, ఇంట్లో నానమ్మనో అమ్మమ్మనో అడిగి వాళ్ల కథను విని రమ్మని పిల్లలందరికీ చెబితే, మాటలు రాని పిల్లల ఇళ్లలో కూడా ఆ రాత్రి కథ వినబడుతుంది.

ఈ కథలో చేప మొదలు చీమ వరకు సరిగ్గా ఏడు ప్రశ్నలు ఉన్నాయి. ఏడూ ఒకే అచ్చులో పోసినవి, అన్నింటికీ జవాబు రెండు మూడు మాటలే. గుర్తుంచుకోవడం కష్టమైన బిడ్డకు ఒకే వాక్యం ఏడుసార్లు వినబడుతుంది కాబట్టి, నాలుగోసారికి పెదవి కలుపుతుంది, ఏడోసారికి ముందే అందుకుంటుంది. పైగా ప్రతి పాత్రకూ చేతితో పట్టుకోదగిన ఒక వస్తువు ఉంది. అన్నింటికంటే ముఖ్యంగా, ఒకరు జవాబు చెప్పనిదే తర్వాతి ప్రశ్న పుట్టదు. అందువల్ల ఏ కొలికిలో ఏ బిడ్డను నిలిపినా కథ అక్కడ ఆగి ఎదురు చూసి తీరవలసిందే.

పాఠానికి కూడా ఇందులో కొదవ లేదు. కార్యకారణ సంబంధం, "లేదు" అనే వ్యతిరేక క్రియ, "ఎందుకు" అనే ప్రశ్న, ఏడు వరకు లెక్క, ఎండకు తడి ఆరిపోవడం, నీడలో ఆరకపోవడం అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఏ బిడ్డకు ఇందులో ఏది నేర్పదలచుకున్నామో ముందుగానే రాసి పెట్టుకోవాలి. తరగతిలో ఒకరు ఈ కథను సొంతంగా రాయడం నేర్చుకుంటూ ఉంటే, మరొకరు రెండు వస్తువులలో అడిగినదాన్ని చూపడం నేర్చుకుంటూ ఉండవచ్చు. ఇద్దరిదీ చదువే.

బిడ్డ గురించి ముందుగా తెలుసుకోవలసినవి

తల్లినో, తండ్రినో, ఇంట్లో ఎక్కువసేపు బిడ్డతో ఉండే పెద్దవారినో కలిసి మాట్లాడాలి. రోగం పేరు అడగడంతో సరిపెట్టుకోకూడదు. అవును, కాదు అనేవి బిడ్డ ఎలా తెలుపుతుంది, ఏ చేయి బాగా ఆడుతుంది, ఏ చప్పుడుకు బెదురుతుంది, ఏది చూస్తే నవ్వుతుంది, మూర్ఛ వస్తుందా, నోట్లో వస్తువులు పెట్టుకుంటుందా అని అడగాలి. మూర్ఛ వచ్చే పిల్లలు ఉంటే నాటకంలో మిణుకు మిణుకుమనే దీపాలు వాడకూడదు. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉపాధ్యాయులను పిలిచి, కూర్చునే తీరు, పట్టుకునే తీరు చూపించమంటే సగం సందేహాలు తీరతాయి. ఆ తర్వాత బిడ్డనే అడగాలి. ఏడు వస్తువులను ముందు పెట్టి దేన్ని ముట్టుకుంటుందో, దేనివైపు చూస్తుందో గమనించడం కూడా అడగడమే.

కథల సంచి

ఒక గుడ్డసంచిలో ఎండుచేప, గుప్పెడు వరిగడ్డి, ఆవు మెడగంట, చేతికర్ర, అవ్వ గిన్నె గరిటె, గుడ్డబొమ్మ, డబ్బాలో పుట్టమన్ను పెట్టుకోవాలి. బొమ్మలు గీసిన అట్టముక్కల కంటే అసలు వస్తువులే మేలు. ప్లాస్టిక్ ఆవు బొమ్మను తడిమితే చూపు లేని బిడ్డకు నాలుగు కాళ్ల గట్టి ముద్ద తగులుతుందే గాని ఆవు తెలియదు. మెడగంట మోగిస్తే మాత్రం ఇంటి ముందు నుంచి మంద వెళ్లే సాయంత్రం గుర్తుకు వస్తుంది.

మొదటి రోజు కథ చెప్పకూడదు. పిల్లలందరినీ కళ్లు మూసుకోమని సంచిని చేతులు మార్పించాలి. ఒకసారి ఎండుచేప చేతికి రాగానే పిల్లలంతా ముక్కులు మూసుకొని కేకలు వేస్తుంటే, చూపు లేని పాప ఒక్కతే దాన్ని రెండు చేతులతో తోక నుంచి తల వరకు నెమ్మదిగా తడిమి, "దీనికి కళ్లు గుంటలు పడ్డాయి సార్, ఎండిందే ఇది" అన్నది. తాను ముట్టుకున్నది ఎండని చేప కాదని ఆ పాప తేల్చింది. అప్పటికప్పుడు పెరట్లో తడిపిన గుడ్డను, ఆరిన గుడ్డను తెచ్చి ఎండడం అంటే ఏమిటో తరగతి అంతటికీ వివరించాను.

కొందరు పిల్లలకు గడ్డి గుచ్చుకోవడం, మన్ను అంటుకోవడం భరించరానిదిగా ఉంటుంది. అటువంటి బిడ్డ చేతిని పట్టుకొని బలవంతంగా తాకించకూడదు. దూరం నుంచి చూడనివ్వాలి, లేదా గరిటెతో మన్నును కదిలించమనాలి. రెండు మూడు రోజులకు తానే వేలు పెడితే సరే, పెట్టకపోయినా సరే.

కథ చెప్పేటప్పుడు

కిటికీకి ఎదురుగా, ముఖం మీద వెలుతురు పడేలా కూర్చోవాలి. కిటికీ మన వీపు వెనుక ఉంటే వినికిడి లేని బిడ్డకు మన ముఖం నల్లని నీడలా కనబడుతుంది. పెదవులను అతిగా సాగదీసి పలకడం వల్ల మేలు జరగదు, పెదవుల తీరు చెడిపోయి ఉన్నదీ అర్థం కాకుండా పోతుంది. మామూలుగా, కాస్త నెమ్మదిగా చెప్పాలి. మనలో చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. వినికిడి ఉన్నవారు వస్తువును చూస్తూనే మాటను వింటారు. వినికిడి లేని బిడ్డకు మాట కూడా కళ్ల ద్వారానే వెళ్లాలి కనుక, మెడగంటను చూపుతూ మనం సైగ చేస్తే రెండింటిలో ఒకటి తప్పిపోతుంది. వస్తువు చూపి ఆగాలి. బిడ్డ చూపు తిరిగి మన ముఖం మీదికి వచ్చిన తర్వాతనే సైగ గాని, మాట గాని మొదలుపెట్టాలి. ఈ ఒక్క విరామం అలవాటు చేసుకుంటే కథ తనంతట తానే అందరికీ అందే వేగానికి వస్తుంది.

సైగలను మనకు తోచినట్లు కల్పించకూడదు. ఇంట్లో బిడ్డ వాడే సైగలను నేర్చుకోవాలి. వాటితోపాటు న్యూఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం రూపొందించిన వీడియో నిఘంటువును చూడాలి. 2021లో వెలువడిన మూడో కూర్పులో 10,000 పదాలు ఉన్నాయి. చేప, ఆవు, గడ్డి, పాప, చీమ, ఎందుకు, లేదు వంటి పది పన్నెండు పదాలు మొదట మనం నేర్చుకొని, తరగతి మొత్తానికీ నేర్పాలి. ఒక్క బిడ్డకే నేర్పితే ఆ బిడ్డ ఎవరితో మాట్లాడాలి?

చూపు లేని బిడ్డ వింటున్నప్పుడు "ఇదిగో ఇలా కుట్టింది" అని వేళ్లతో చూపి ఊరుకోకూడదు. "పాప చిటికెన వేలి కొనను పట్టుకొని కుట్టింది" అని మాటల్లో చెప్పాలి. ఒక్కొక్క పాత్ర గొంతు గదిలో ఒక్కొక్క స్థిరమైన చోటు నుంచి వినబడాలి. గడ్డిమేటు తలుపు దగ్గర, అవ్వ నల్లబల్ల దగ్గర అని నిర్ణయించి చివరిదాకా మార్చకూడదు.

పాత్రలను అమర్చడం

ఇది అన్నింటికంటే ఎక్కువ ఆలోచన పెట్టవలసిన పని. ఈ కథకు చీమ ప్రాణం. ఏడు ప్రశ్నల భారమంతా దాని జవాబు మీద ఆగి ఉంటుంది. అందుకే ఒక ఏడాది, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాల కదలిక అదుపు తప్పే స్థితి) వల్ల మాటలు రాని, చేతులు తన అదుపులో లేని బాబుకు చీమ పాత్ర ఇచ్చాను. పక్కన కూర్చునే స్నేహితుడి గొంతుతో చీమ మాటను ఫోన్‌లో రికార్డు చేయించాను. ఉపాధ్యాయుడి గొంతు కంటే ఈడువాడి గొంతు ఆ బాబుకు సహజంగా నప్పుతుంది. ఫోన్ తెర మీద వేలు నిలవదు కనుక, బాబు పెద్ద మీట నొక్కితే పక్కనున్న స్నేహితుడు రికార్డింగు వినిపించే ఏర్పాటు చేశాం. ఏమీ దొరకని చోట బల్ల మీద పెట్టే గంట చాలు. గంట మోగితే చీమ మాట్లాడినట్లని తరగతి ఒప్పుకుంటే సరిపోతుంది. మాటకు బదులుగా వాడే ఇటువంటి సాధనాలను, బ్రెయిలీని, సంజ్ఞా భాషను ప్రోత్సహించాలని 2016 చట్టంలోని 17వ సెక్షన్ నిర్దేశిస్తోంది కాబట్టి, ఇది దయతో చేసే ఏర్పాటు అని ఎవరూ అనుకోనక్కర లేదు.

బాబు పాదాలు గాలిలో వేలాడకుండా కింద చెక్కపీట వేశాం, మోచేతులకు ఆనిక ఇచ్చాం. శరీరం నిలకడగా లేని బిడ్డకు చేయి మాట వినదు, కనుక ఈ చెక్కపీట వేషం కంటే ముఖ్యం. "చీమా, చీమా, ఎందుకు కుట్టావు?" అని అందరూ అడిగిన తర్వాత నోరు మూసుకొని ఎదురు చూడమని పిల్లలకు ముందే నేర్పాను. మనసులో పది లెక్క పెట్టాలి, అవసరమైతే ఇంకో పది. మొదటి రోజున నాలుగు అంకెలకే ఒక పిల్లవాడు వెళ్లి బాబు చేయి పట్టుకొని మీట నొక్కించబోయాడు. "వాడి మాట వాడినే అననీ నాన్నా" అని వాడిని ఆపాను. పద్నాలుగో అంకె దగ్గర బాబు మోచేయి వంకరగా లేచి మీట మీద పడింది.

ఆటిజం ఉన్న పిల్లలకు ముందుగా కథాక్రమాన్ని ఏడు బొమ్మల వరుసగా చేతికి ఇవ్వాలి. ఏది తర్వాత ఏది వస్తుందో తెలిస్తే వారికి నెమ్మది కలుగుతుంది. ఒక్కొక్క ఘట్టం అయిన వెంటనే ఆ బొమ్మను తిప్పి పెట్టే పనిని అటువంటి బిడ్డకే అప్పగించి, బొమ్మ తిరగనిదే తర్వాతి ప్రశ్న వేయకూడదన్న నియమం పెడితే నాటకానికి సూత్రధారి ఆ బిడ్డే అవుతుంది. కళ్లలోకి చూడమని బలవంతం చేయకూడదు. గుచ్చుకునే జరీబట్టలు వద్దు. చప్పుడు ఎక్కువైతే వెళ్లి కూర్చోవడానికి ఒక మూలను ముందే చూపించి ఉంచాలి. చప్పట్లకు బదులు రెండు చేతులు పైకెత్తి ఆడించే పద్ధతి పెడితే, చప్పుడు పడనివారికీ వినికిడి లేనివారికీ ఒకేసారి మేలు జరుగుతుంది.

చూపు లేని పిల్లలు వేదిక మీద స్వేచ్ఛగా నడవాలంటే, చాప కింద ఒక లావు తాడును వరుసగా పరిచి అంటించాలి. అరికాలికి తాడు తగులుతూ ఉంటే దారి తెలుస్తుంది. అంచు దగ్గర పీచుపట్టా వేస్తే అక్కడ ఆగాలని తెలుస్తుంది. అందరినీ చెప్పులు విప్పించి అదే తాడు మీద నడిపిస్తే ఎవరూ ప్రత్యేకంగా కనబడరు.

మరచిపోయే బిడ్డకు, నత్తి ఉన్న బిడ్డకు మన బుర్రకథ ఒక చక్కని మార్గం చూపిస్తుంది. నడుమ కథకుడు తంబురతో నిలబడితే, రెండు పక్కలా గుమ్మెటలతో వంతలు ఉంటారు. వంత ప్రశ్న వేస్తాడు, మాట అందిస్తాడు, "తందాన తాన" అని సాగదీసి కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తాడు. మాట అందివ్వడం ఆ కళలోనే ఉన్న మర్యాద కాబట్టి, అందుకున్నవారికి అవమానం ఉండదు. మేధోపరమైన వైకల్యం ఉన్న పాపను కథకురాలిగా నిలిపి, ఇద్దరు తోటి పిల్లలను వంతలుగా పెట్టి చూడండి. మాట తప్పినప్పుడు తరగతి మొత్తం తందాన అందుకుంటే, ఆ సందులో పాపకు మాట దొరుకుతుంది. లయకు తగ్గట్టు పలికేటప్పుడు, పక్కవారి గొంతు తోడుగా ఉన్నప్పుడు నత్తి ఉన్న పిల్లల్లో చాలామందికి మాట తేలికవుతుంది.

జనం ముందు నిలబడలేనంత బిడియం ఉన్న పిల్లలకు తోలుబొమ్మలాట పద్ధతి నప్పుతుంది. పాత చీరను తెరగా కట్టి, వెనుక దీపం పెట్టి, అట్టతో కత్తిరించిన బొమ్మలకు లావుపాటి వెదురుబద్దలు కట్టాలి. సన్నని పుల్ల చేతిలో నిలవనివారికి బద్దకు గుడ్డ చుట్టి ఇవ్వాలి. అయితే తెర వెనుక ఉండాలా, ముందు ఉండాలా అన్నది బిడ్డ ఇష్టం. కుర్చీలో ఉన్నవారినీ, ముఖం వంకర పోయినవారినీ కనబడకుండా ఉంచడానికి పెద్దలు ఆ తెరను వాడుకోవడం నేను చూశాను. అలా చేయడం కంటే నాటకం ఆడకపోవడం నయం.

చేయకూడనివి

చూపు ఉన్న పిల్లవాడికి కళ్లకు గంతలు కట్టి, కర్ర ఇచ్చి, తడబడుతూ నడిపించి చూసేవారి చేత అయ్యో అనిపించే ప్రదర్శనలు వద్దు. ఏటా డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవం పేరుతో ఇవి ఎక్కువగా జరుగుతుంటాయి, కళ్లనీళ్లు పెట్టించినది గొప్ప నాటకం అనిపించుకుంటుంది. వాటిని చూస్తూ ముందు వరుసలో కూర్చున్న చూపు లేని పిల్లల సంగతి ఎవరూ ఆలోచించరు. కుంటివాడినో, నత్తివాడినో నవ్వుల కోసం పెట్టిన కథలను పక్కన పెట్టాలి. చివర్లో దేవుడు ప్రత్యక్షమై కాళ్లు ఇచ్చే కథలు కూడా వద్దు, బిడ్డ ఉన్నది ఉన్నట్లుగా కథలో చోటు సంపాదించుకోవాలి.

నాటకం అయిన తర్వాత

ఒక కథకు నాలుగైదు రోజులు, రోజుకు ఒక పీరియడు సరిపోతుంది. వస్తువులకు ఒక రోజు, కథకు ఒక రోజు, నడకకూ పాత్రలకూ ఒకటి రెండు రోజులు, ఆటకు ఒక రోజు. చివరి రోజున తల్లిదండ్రులను పిలిచి నేల మీద కూర్చోబెడితే చాలు, వేదిక అక్కర లేదు.

మరుసటి రోజు సంచిలోని వస్తువులను కలిపేసి, వరుసలో పెట్టమనాలి. రాయగలవారు కథను రాస్తారు, బ్రెయిలీ నేర్చుకుంటున్నవారు వస్తువులకు పేరు చీటీలు తయారు చేస్తారు, ఇంకొకరు చేపను చూపితే గడ్డిని అందిస్తారు. తర్వాత గొలుసులో ఒక కొలికిని మార్చాలి. ఆవు మేయకపోవడానికి ఇంకేం కారణం ఉండవచ్చు అని అడిగితే, జ్వరం వచ్చిందని, గడ్డి తడిసిందని, దూడ కనబడలేదని పిల్లలు చెబుతారు. కథను వల్లించారా, కార్యకారణాలను పట్టుకున్నారా అన్నది ఈ ప్రశ్నతో తేలుతుంది. ప్రతి బిడ్డకూ నోటుపుస్తకంలో ఒక పుట కేటాయించి, తానుగా చేసినది, మాట అందిస్తే చేసినది, చేయి పట్టుకుంటే చేసినది అని మూడు వరుసల్లో తేదీ వేసి రాసుకోవాలి. మార్కుల కంటే ఈ పుట తల్లిదండ్రులకు ఎక్కువ చెబుతుంది.

రెండోసారి ఆడేటప్పుడు పాత్రలు మార్చాలి. ఒకసారి బాగా కుదిరింది కదా అని ఏ బిడ్డనూ అదే పాత్రకు కట్టిపడేయకూడదు. చీమ వేసిన బాబును ఈసారి ఎవరు కావాలని అడుగుతూ, పాత్రల బొమ్మలు రెండేసి చొప్పున ముందు పెట్టాను. రాజు బొమ్మ దగ్గర చూపు ఆపి, ఇక కదల్చలేదు. ఈ కథలో రాజుకు మాటే లేదు. అందుచేత ఆ రోజు పీరియడు మొత్తం రాజుకు మాట కల్పించడానికే సరిపోయింది. నాలుగైదు వాక్యాలు రాసి, బాబుకు ఒక్కొక్కటిగా చదివి వినిపించగా, ఒకదానికి నవ్వి పాదం ఆడించాడు. "ఏడో చేప ఎండేదాకా ఎవరూ అన్నం తినకూడదు" అన్న ఆ వాక్యాన్నే రికార్డు చేసి మీటకు పెట్టాము.